చైనుకూ పళ్ళచక్రానికీ యతి కుదరాలి

పద్యంలో యతి చెల్లిందో లేదో తేల్చడానికి అక్షరాల ఆకారం చూడం. అకారానికీ హకారానికీ రాతలో ఏ పోలికా లేదు. అయినా మైత్రి ఉంది. 'ప', 'ష' అనే అక్షరాలకు రాతలో ఎంతో పోలిక ఉంది. మైత్రి మాత్రం లేదు. సైకిలు చైనుల సంగతి కూడా సరిగ్గా ఇంతే. కంటికి ఒకేలా కనిపించే రెండు చైనుల్లో ఒకటి మీ సైకిలుకు నప్పుతుంది, రెండవది నప్పదు. ఛందస్సులో ఆ నియమాలు బహిరంగం; ఎవరైనా నేర్చుకోవచ్చు. సైకిళ్ళ విషయంలో నియమాలు ఏటేటా మారుతున్నాయి, కొనేవాడికి ముందుగా చెప్పేవారు తక్కువ. నా ఫిర్యాదు ఇదే.

తెలుగు పంతులుకు ఈ గొడవ ఎందుకని మిత్రులు నవ్వవచ్చు. ముప్పయ్యేళ్ళు బడికి సైకిలు మీదనే వెళ్ళినవాణ్ణి. చైను విప్పి కిరసనాయిలులో కడిగి మళ్ళీ బిగించడం నాకు సంధి విడదీసి చెప్పడమంత అలవాటైన పని. అందుకే కాబోలు, ఇంజనీరుగా ఉన్న నా పూర్వ విద్యార్థి ఒకడు ఈ మధ్య తన గ్రావెల్ సైకిలును మా ఇంటికి తెచ్చాడు. మన జిల్లాల్లో గ్రావెల్ రోడ్డు అంటే తెలియనివారు లేరు. అటువంటి మట్టి, కంకర దారుల మీద తిరగడానికే వంపు హ్యాండిలు, వెడల్పాటి టైర్లతో చేసిన సైకిలు ఇది. ముందు 46, 30 పళ్ళ చక్రాలు రెండు. వెనుక 11 నుంచి 34 పళ్ళ వరకు పదకొండు చక్రాల దొంతర. ఈ దొంతరనే కాసెట్ అంటారు. మన పాటల కాసెట్‌కూ దీనికీ పేరు తప్ప చుట్టరికం లేదు.

అతని బాధలు రెండు. గట్టిగా తొక్కితే చైను జారుతోంది. ఎత్తు ఎక్కడం కష్టమవుతోంది. రెంటికీ ఒకటే మందు అనుకొని, 10 నుంచి 51 పళ్ళ దాకా ఉన్న పన్నెండు చక్రాల కాసెట్‌నూ, దానికి తగిన చైనునూ ఇంటికి తెప్పించుకున్నాడు. అమ్మినవారు దాని మీద 'గ్రావెల్ సైకిళ్ళకు అనువైనది' అని రాశారు. అది చక్రం మీదికి ఎక్కనే లేదు. “మాస్టారూ, రెండూ ఒకే కంపెనీవి కదండీ, ఎందుకు ఎక్కదు?” అని అడిగాడు.

సమాధానం నాలుగు కీళ్ళలో ఉంది. వీటిలో ఒకటి మారిస్తే తక్కిన మూడూ చూసుకోవాలి.

మొదటిది చైనుకూ పళ్ళకూ ఉన్న కీలు. లంకె నిడివి అన్ని చైనుల్లోనూ అర అంగుళమే, అనగా 12.7 మి.మీ. మారేది బయటి వెడల్పు. ఎనిమిది చక్రాల చైను వెడల్పు సుమారు 7.1 మి.మీ.; పదకొండుకు సుమారు 5.5, పన్నెండుకు 5.3 కంటె కొంచెం తక్కువ. చక్రాలు పెరిగినకొద్దీ వాటి నడుమ సందు తగ్గుతుంది గనుక చైను సన్నబడుతుంది. వెడల్పు చైనును ఇరుకు కాసెట్ మీద వేస్తే పక్క చక్రాన్ని రాసుకుంటుంది. చైనును కలిపే లంకె కూడా ఆ సంఖ్యకు తగినదే కావాలి.

రెండవది కాసెట్‌కూ, అది కూర్చునే ఫ్రీహబ్‌కూ ఉన్న కీలు. షిమానో వారి పాత హెచ్‌జీ ఫ్రీహబ్ మీద సాధారణంగా చిన్న చక్రం 11 పళ్ళది. 10 పళ్ళ చక్రం కావాలంటే ఆ సంస్థే 2018లో తెచ్చిన మైక్రో స్ప్లైన్ కావాలి. మావాడి కాసెట్ ఆగిపోయింది ఇక్కడే. విచిత్రమేమంటే, 2023లో వచ్చిన పన్నెండు గేర్ల జీఆర్‌ఎక్స్ కుటుంబంలోనే ముందు రెండు చక్రాలుంటే హెచ్‌జీ, ఒకటే ఉంటే మైక్రో స్ప్లైన్. పేరు ఒకటే, గడపలు రెండు.

మూడవది డిరైలర్. ఎంత పెద్ద చక్రం దాకా చైనును ఎత్తగలదో దానికి ఒక హద్దు ఉంది. మావాడి సైకిలుకున్న ఆర్‌ఎక్స్ 810కి ఆ హద్దు 34 పళ్ళు. 51 దానికి అందని కొమ్మ.

నాలుగవది గేరు మీటకూ డిరైలర్‌కూ ఉన్న కీలు. మీట ఒక్కసారి నొక్కితే తీగ ఎంత లాగబడుతుందో, దానికి డిరైలర్ ఎంత జరుగుతుందో, చక్రాల నడుమ దూరం ఎంతో, ఈ మూడు లెక్కలూ కలవాలి. పదకొండు మెట్ల మీటతో పన్నెండు చక్రాలు నడవవు.

కాసెట్ ఒకటి మార్చబోతే ఫ్రీహబ్, డిరైలర్, మీట, చైను అన్నీ మారాలి. సగం సైకిలు కొత్తగా కొన్నట్టే. లాభం ఏమిటో కూడా లెక్క చూశాం. ఇప్పుడు అతని కనిష్ఠ గేరు 30ని 34తో భాగిస్తే 0.88. ముందు 40 పళ్ళ చక్రం ఒక్కటే పెట్టి వెనుక 51 వేస్తే 0.78. ఎత్తు ఎక్కడం కొంత సులువవుతుంది, కాదనను. గరిష్ఠ గేరు మాత్రం 4.18 నుంచి 4కు తగ్గుతుంది. ఈ కొంతకు అంత ఖర్చా?

మరి జారుడు సంగతి? పాత స్కేలు తీసి కొలిచాను. కొత్త చైనులో 24 లంకెల పొడవు సరిగా 12 అంగుళాలు. అది అంగుళంలో పదహారో వంతు పెరిగితే అరుగుదల అర శాతం. పదకొండు, పన్నెండు గేర్ల చైనును అప్పటికి మార్చేయాలి. అతనిది ఆ గీత ఎప్పుడో దాటింది, దానితోపాటు పళ్ళూ అరిగాయి. అరిగిన పళ్ళ మీద కొత్త చైను ఒక్కటే వేసినా జారుతుంది. పదకొండు గేర్ల చైను, 11-34 కాసెట్ రెండూ కొత్తవి వేయించాం, జారుడు పోయింది.

ఇక నా అభిప్రాయం. చైను సన్నబడటానికి కారణం ఉంది, ఒప్పుకుంటాను. 10 పళ్ళ చక్రం పాత ఫ్రీహబ్ మీద పట్టకపోవడమూ నిజమే. కాని ఆ చిన్న చక్రం అవసరం అందరికీ ఒకటే అయినప్పుడు స్రామ్ వారికి ఎక్స్‌డీ, షిమానో వారికి మైక్రో స్ప్లైన్, కాంపగ్నోలో వారికి 2020లో ఎన్3డబ్ల్యూ అని మూడు రకాల గడపలు ఎందుకు? 2019లో స్రామ్ తెచ్చిన ఫ్లాట్‌టాప్ చైనుకు రోలర్ల వ్యాసం కూడా పెంచారు. దానితో ఆ చైను ఇతరుల కాసెట్లతో పొత్తు మానుకుంది. వారి దృష్టిలో దానికి మేళ్ళుండవచ్చు. కొన్నవాడు మాత్రం ఆ ఇంటివాడైపోయాడు.

హాన్స్ రెనాల్డ్ మాంచెస్టరులో 1880లో బుష్ రోలర్ చైనుకు పేటెంటు పొందాడు. ఆ వంశానికి చెందిన అర అంగుళం చైనే మన మామూలు సైకిలుది. లోపలి వెడల్పు అంగుళంలో ఎనిమిదో వంతు. ఏ కంపెనీ సైకిలైనా సరే, పల్లెటూరి షాపులో ఆ చైను దొరికేది, చెట్టు కింద కూర్చున్న మేస్త్రీ బిగించేవాడు. బడిపిల్లవాడూ పాలవాడూ దాని మీదే బతికారు. ఆ కొలత ఎవరి సొత్తూ కాకపోవడం వల్లనే అది అందరికీ పనికి వచ్చింది.

ఏకత్వం నేడు అసాధ్యమనడం సరికాదు. షిమానో వారే 2023లో ప్రకటించిన క్యూస్ వరుసలో 9, 10, 11 గేర్లన్నింటికీ పదకొండు గేర్ల చైను ఒక్కటే సరిపోయేట్టు చేశారు. కాసెట్లు పాత హెచ్‌జీ ఫ్రీహబ్ మీదే కూర్చుంటాయి. తలచుకుంటే చేయగలరన్నమాట. అటువంటి పనికే మన డబ్బు వెళ్ళాలని నా మతం.

కొనబోయే చిరంజీవులకు ఒక్క మాట. గేర్ల సంఖ్య చూసి మోసపోవద్దు. కనిష్ఠం, గరిష్ఠం భాగించి చూడండి. చైను ముందు కొలవండి. తయారీదారు ప్రకటించిన పొంతన పట్టికలో నాలుగు కీళ్ళూ సరిచూడండి. చివరగా, ఆ చైను మీ ఊళ్ళో దొరుకుతుందా అని అడగండి. తెగినప్పుడు మూడు వందల కిలోమీటర్ల అవతల దొరికే చైను ఎంత గొప్పదైనా, ఆ సాయంత్రం మీరు సైకిలు నడిపించుకుంటూ ఇల్లు చేరవలసినదే.