పేరు దాచుకోనక్కరలేదు, సిద్ధపాటు మానుకోరాదు

ఇటీవల మా బన్సీలాల్‌పేట్ నుంచి ఒక యువకుడు ఓ ప్రైవేటు సంస్థలో గణాంక సహాయకుడి ఉద్యోగానికి ఇంటర్వ్యూకు వెళ్లి వచ్చాడు. బి.కాం. ప్రథమ శ్రేణిలో పూర్తి చేశాడు. రెండేళ్లుగా ఒక హోల్‌సేల్ దుకాణంలో లెక్కలు రాస్తున్నాడు. టాలీ క్షుణ్ణంగా వచ్చు. అక్కడ అతనికి ఎదురైన ప్రశ్నలు నాలుగు. ఎక్కడ ఉంటారు? నాన్నగారు ఏం చేస్తారు? ఇంట్లో ఎంతమంది? శుక్రవారం ఎంతసేపు బయటికి వెళ్తారు? లెక్కల గురించి ఒక్క ప్రశ్న కూడా లేదు. అయిదు నిమిషాల్లో “కబురు చేస్తాం” అన్నారు. ఆ కబురు రాలేదు. ఇంటికి వచ్చి తల్లితో అతను అన్న మాట ఇది: “అమ్మీ, వాళ్లు నన్ను చూడలేదు, నా చిరునామాను చూశారు.”

ఈ సంగతి తెలిశాక బస్తీలో రెండు రకాల మాటలు వినిపించాయి. “మనకెవరిస్తారు ఉద్యోగం? భోలక్‌పూర్‌లో తుక్కు దుకాణం ఉంది, లేకుంటే గల్ఫ్ వీసా ఉంది” అన్నారు కొందరు పెద్దలు. “లోపం నీలోనే ఉంది, ఇంగ్లీషు బాగా మాట్లాడితే వచ్చేది” అన్నారు మరికొందరు. మొదటి మాట యువకుడి చేత ప్రయత్నం మాన్పిస్తుంది. రెండో మాట వివక్ష చూపినవారిని వదిలిపెట్టి, దాన్ని అనుభవించినవాడినే దోషిని చేస్తుంది. వివక్ష ఉన్నదన్నది నిజం. సిద్ధపాటుతో గెలిచేవారు ఉన్నారన్నదీ నిజమే. ఈ రెండు నిజాలనూ కలిపి చెప్పగలిగితేనే మన పిల్లలకు మేలు జరుగుతుంది.

మొదట వివక్ష సంగతి. ఆచార్య సుఖదేవ్ థోరట్, పాల్ ఆటవెల్ జరిపిన పరిశోధన 2007లో ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో వెలువడింది. పత్రికల్లో వచ్చిన 548 ప్రైవేటు ఉద్యోగ ప్రకటనలకు వారు 4,808 దరఖాస్తులు పంపారు. అర్హతలు సమానంగా ఉంచి, పేర్లు మాత్రమే మార్చారు. అగ్రకుల హిందూ పేరుతో పోల్చినప్పుడు ముస్లిం పేరుకు పిలుపు వచ్చే అవకాశాల నిష్పత్తి 0.33గా తేలింది. దళిత పేరుకు అది 0.67. అంటే మన పిల్లల్లో చాలామందికి తలుపు ఇంటర్వ్యూ గది దాకా చేరకముందే మూసుకుపోతున్నది. దీన్ని టై కట్టుకోవడంతోనో, ఇంగ్లీషు ఉచ్చారణతోనో సరిచేయలేము.

ఇక రెండో సంగతి. 2006లో వెలువడిన సచార్ కమిటీ నివేదిక ఐ.ఎ.ఎస్. అధికారుల్లో ముస్లింలు 3 శాతమే అని చెప్పింది. ఈ అంకెను మనం తరచూ వల్లిస్తాం. అదే నివేదికలోని మరో మాటను అంతగా పట్టించుకోము. 2003, 2004 సంవత్సరాల సివిల్ సర్వీసుల రాత పరీక్షకు హాజరైనవారిలో ముస్లింలు 4.9 శాతమే. కానీ రాసినవారి విజయ శాతం ఇతరులతో దాదాపు సమానం. అంటే బరిలోకి దిగినవారు నిలుస్తున్నారు, దిగేవారే తక్కువ. “మనకెవరిస్తారు” అన్న పెద్దలకు ఇంతకన్న సూటి జవాబు లేదు.

ఆ యువకుడిని అడిగిన ప్రశ్నలను న్యాయస్థానం నలభై ఏళ్ల క్రితమే తప్పుపట్టింది. 1980 నాటి అజయ్ హాసియా కేసు శ్రీనగర్ ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాల ప్రవేశాలకు సంబంధించినది. ఒక్కొక్కరికీ రెండు మూడు నిమిషాలే కేటాయించారని, తల్లిదండ్రుల గురించి, నివాసం గురించి మాత్రమే అడిగారని అభ్యర్థులు ఫిర్యాదు చేశారు. మొత్తం 150 మార్కుల్లో 50 మౌఖిక పరీక్షకే ఉన్నాయి. ఇది ఏకపక్షమని, మౌఖిక పరీక్షకు 15 శాతానికి మించి కేటాయించరాదని సుప్రీంకోర్టు అన్నది. ఇంటర్వ్యూలను టేప్‌రికార్డు చేయడం మంచిదని కూడా సూచించింది. ప్రభుత్వ రంగంలో ఆ తరువాత మార్పు వచ్చింది. 2016 జనవరి 1 నుంచి కేంద్రం కింది స్థాయి ఉద్యోగాలకు ఇంటర్వ్యూలను తొలగించింది. 2022లో తెలంగాణ ప్రభుత్వం గ్రూప్-1, గ్రూప్-2 ఇంటర్వ్యూలను రద్దు చేసింది. అయితే సివిల్ సర్వీసుల తుది ఎంపికలో 2,025 మార్కులకు 275 ఇంటర్వ్యూవే. ప్రైవేటు రంగంలోనైతే సర్వం ఆ గదిలోనే తేలుతుంది. కనుక ఆ గదికి సిద్ధం కావడం తప్పనిసరి.

సిద్ధపాటు అంటే ముందుగా కాగితాలు. చాలా ఇళ్లలో పదో తరగతి మెమోలో ‘మహమ్మద్’ అని, ఆధార్‌లో ‘ఎం.డి.’ అని, పాన్‌కార్డులో ‘మొహమ్మద్’ అని ఉంటుంది. ఇంటిపేరు ఒకచోట ముందు, మరొకచోట వెనక. ఎంపికైన తరువాత కూడా ధ్రువపత్రాల పరిశీలనలో ఇది చిక్కు తెస్తుంది. పదో తరగతి మెమోను ఆధారంగా తీసుకుని మిగిలినవన్నీ ఇప్పుడే సరిచేయించుకోవాలి. బి.సి.-ఇ కింద 4 శాతం రిజర్వేషన్‌కు అర్హులైనవారు ఆ ధ్రువపత్రాన్ని నోటిఫికేషన్ వచ్చాక కాదు, రాకముందే మీసేవ ద్వారా తీసుకుని ఉంచుకోవాలి.

తరువాత పని గురించిన ఎరుక. ప్రకటనను మూడుసార్లు చదివి, అందులో అడిగిన పనులను ఒక కాగితం మీద రాసుకోవాలి. ఒక్కొక్క పనికి ఎదురుగా తన జీవితంలోంచి ఒక ఉదాహరణ రాయాలి. “నాకు అనుభవం లేదు, అబ్బా దుకాణంలో కూర్చున్నానంతే” అంటారు మన పిల్లలు. తుక్కు దుకాణంలో కూర్చున్నవాడు తూకం చూస్తాడు, రోజు ధర గుర్తుంచుకుంటాడు, బాకీ రాస్తాడు, కోపంగా వచ్చినవాడిని శాంతపరచి పంపుతాడు. ఇదంతా సరుకు నిర్వహణ, లెక్కల నిర్వహణ, వినియోగదారులతో వ్యవహారం. సిగ్గుపడి దాచుకునే ఆ అనుభవమే ఇంటర్వ్యూలో అతని బలం. ‘మీ గురించి చెప్పండి’ అన్నప్పుడు చదువు, చేసిన పని, ఈ ఉద్యోగానికి అది ఎలా పనికొస్తుంది అన్న మూడు విషయాలను రెండు నిమిషాల్లో చెబితే చాలు.

భాష విషయంలో బెరుకు సహజమే. ఇంట్లో దక్కనీ, బడిలో తెలుగు లేదా ఉర్దూ, ఇంటర్వ్యూలో ఇంగ్లీషు. జవాబులు బట్టీపట్టినవాడు మధ్యలో ఒక పదం జారితే మొత్తం మరచిపోతాడు. రోజూ పావుగంట ఇంట్లో ఎవరో ఒకరిని ఎదురుగా కూర్చోబెట్టుకుని పైకి మాట్లాడి చూడాలి. చిన్న వాక్యాలు చాలు. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ అడగమని కోరడం తప్పు కాదు. తెలియనిదాన్ని తెలియదని, నేర్చుకుంటానని చెప్పడం కూడా మర్యాదే. పాత యజమానిని నిందించరాదు. జీతం గురించి అడిగితే తడబడకుండా ఉండేందుకు అలాంటి పనికి ఎంత ఇస్తున్నారో ముందే తెలుసుకోవాలి. హైటెక్ సిటీలో ఇంటర్వ్యూ ఉంటే గాంధీ ఆసుపత్రి మెట్రో స్టేషన్‌లో ఎక్కి పరేడ్ గ్రౌండ్‌లో రాయదుర్గం రైలుకు మారాలి. ముందురోజే ఒకసారి వెళ్లి చూసి వస్తే ఆ ఉదయం గుండె దడ సగం తగ్గుతుంది. గాలిలో దీపం పెట్టి దువా చేసినంత మాత్రాన అది ఆరకుండా ఉండదు కదా!

అనుచితమైన ప్రశ్న ఎదురైతే? కోపం తెచ్చుకుంటే నష్టం మనకే, తలవంచుకుంటే ఆత్మగౌరవానికి నష్టం. నిజాన్ని ఒక్క వాక్యంలో చెప్పి మాటను పని మీదికి తిప్పడమే మార్గం. శుక్రవారం నమాజు గురించి అడిగితే, “భోజన విరామంలో వెళ్లి వస్తాను సర్, ఆలస్యమైతే సాయంత్రం ఆ పని పూర్తి చేసి వెళ్తాను” అనవచ్చు. నివాసం గురించి అడిగితే నసగవలసిన పని లేదు. “బన్సీలాల్‌పేట్ సర్. చెత్తతో పూడిపోయి, 2022 డిసెంబరులో మళ్లీ తెరుచుకున్న మెట్లబావి ఉన్న పేట మాదే. అక్కడి నుంచి మీ కార్యాలయానికి సమయానికి చేరుకోగలను” అనవచ్చు. పుట్టిన పేటను గౌరవంగా చెప్పుకునేవాడిని ఎదుటివారూ గౌరవించే అవకాశం ఎక్కువ.

మన అమ్మాయిలకు ఈ గది మరింత ఇరుకైనది. “పెళ్లయ్యాక మానేస్తారా?” “స్కార్ఫ్ తీసేస్తారా?” అని నేరుగా అడిగేవారున్నారు. 2008లో అమెరికాలోని టల్సా నగరంలో సమంతా ఎలౌఫ్ అనే యువతి తలకు స్కార్ఫ్‌తో అబర్‌క్రాంబీ అండ్ ఫిచ్ దుకాణంలో ఇంటర్వ్యూకు హాజరైంది. ఇంటర్వ్యూ చేసినవారు ఆమెను అర్హురాలిగానే లెక్కించారు. పై అధికారి స్కార్ఫ్‌ను కారణంగా చూపి వద్దన్నాడు. 2015 జూన్ 1న అక్కడి సుప్రీంకోర్టు 8-1 తేడాతో ఆమె పక్షాన తీర్పు చెప్పింది. తన ఆచారానికి మినహాయింపు కావాలని ఆమె నోరు తెరిచి కోరలేదన్నది సంస్థకు సాకు కాజాలదని స్పష్టం చేసింది. స్కార్ఫ్ ధరించి వెళ్లదలచిన అమ్మాయి నిశ్చింతగా వెళ్లవచ్చు. కంఠం స్పష్టంగా ఉండాలి, చూపు ఎదుటివారి మీద ఉండాలి. కరచాలనం ఇష్టం లేకపోతే చెయ్యి గుండెకు ఆనించి చిరునవ్వుతో నమస్కరిస్తే ఎవరూ నొచ్చుకోరు.

అయితే అమెరికాలోని ఆ యువతికి అండగా ఒక చట్టం ఉంది. మన రాజ్యాంగంలోని 16వ అధికరణం ప్రభుత్వ ఉద్యోగాల్లో మత వివక్షను నిషేధిస్తున్నది. ప్రైవేటు నియామకాల్లో మత వివక్షను నిషేధించే సమగ్ర చట్టం మాత్రం మనకు లేదు. సమాన అవకాశాల కమిషన్‌ను సచార్ కమిటీ సిఫారసు చేసింది. ఆచార్య మాధవ మీనన్ నేతృత్వంలోని నిపుణుల బృందం 2008లో ముసాయిదా బిల్లును కూడా అందించింది. అది చట్టం కాలేదు. ఆ డిమాండును మనం మళ్లీ ఎత్తాలి. యాజమాన్యాలను కోరవలసినదీ ఉంది. అభ్యర్థులందరికీ ఒకే ప్రశ్నలు వేయండి. అవి పనికి సంబంధించినవై ఉండాలి. ఒకరికి మించి కూర్చుని, చర్చకు ముందే ఎవరి మార్కులు వారు రాయండి. ఇది మైనారిటీలకు చేసే ఉపకారం కాదు, మంచి పనివారిని గుర్తించే పద్ధతి.

చట్టం వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేము. ప్రతి బస్తీలో ఆదివారం రెండు గంటలు ఒక గది దొరకదా? పదవీ విరమణ చేసిన ఒక బ్యాంకు ఉద్యోగి, ఒక ఉపాధ్యాయుడు, ఉద్యోగం చేస్తున్న ఒక సోదరి కూర్చుని పిల్లలను నమూనా ఇంటర్వ్యూ చేయవచ్చు. అమ్మాయిలు నిస్సంకోచంగా రాగలిగేలా ఏర్పాటు ఉండాలి. అనుచితమైన ప్రశ్నలు ఎదురైనవారి అనుభవాలను తేదీతో సహా ఒక పుస్తకంలో రాసిపెట్టాలి. రేపు హక్కుల కోసం వాదించేటప్పుడు ఆ పుస్తకమే మన సాక్ష్యం.

మొదట చెప్పిన యువకుడు నాలుగు ఆదివారాలు మా ఎదుట కూర్చుని సాధన చేశాడు. గత నెల మరో సంస్థకు వెళ్లాడు. అక్కడా “ఎక్కడ ఉంటారు?” అని అడిగారట. చెప్పాడు. వెంటనే “మీ సరుకు లెక్కలు ఏ పద్ధతిలో నడుస్తాయి సర్?” అని తానే అడిగాడు. సంభాషణ ఇరవై నిమిషాలు సాగింది. ఫలితం ఇంకా తెలియదు. ఈసారి మాత్రం అతను తల్లితో చెప్పిన మాట వేరు: “అమ్మీ, ఈ రోజు లెక్కల గురించి మాట్లాడి వచ్చాను.”