బస్తర్‌లో చేతులు పరీక్షించడానికి ఐదు నిమిషాలు

బస్తర్‌కు ఇంటింటి వైద్య పరీక్ష కొత్త కాదు. 2020 జనవరిలో మొదలైన 'మలేరియా ముక్త్ బస్తర్' కార్యక్రమంలో ఆరోగ్య సిబ్బంది అడవి పల్లెలకు నడిచి వెళ్లి, జ్వరం లేనివారి వేలి నుంచి కూడా రక్తపు చుక్క తీసి పరీక్షించారు. లక్షణాలు ముదిరే వరకు ఆగకూడదన్నదే దాని సూత్రం. రక్తం కోసం పట్టుకున్న ఆ చేతినే మరో ఐదు నిమిషాలు పరిశీలిస్తే ఇంకో పెద్ద నష్టాన్నీ ఆపవచ్చు. అదే కుష్ఠు వ్యాధి తెచ్చే అంగవైకల్యం.

పది వేల మందికి ఒక కేసు కంటే తక్కువ స్థాయికి చేరడంతో, 2005 డిసెంబరు నాటికి దేశంలో కుష్ఠు ప్రజారోగ్య సమస్యగా తొలగిపోయిందని ప్రకటించారు. అది దేశం మొత్తానికి వేసిన సగటు. ఛత్తీస్‌గఢ్ మాత్రం ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు ఆ గీతకు పైనే ఉంది.

కుష్ఠు అనగానే అందరూ మచ్చల కోసం చూస్తారు. కానీ మనిషిని పనికి దూరం చేసేది మచ్చ కాదు, నరం. ఈ బ్యాక్టీరియా శరీరంలో కాస్త చల్లగా ఉండే, చర్మానికి దగ్గరగా సాగే నరాలను ఎంచుకుంటుంది. మోచేయి లోపలి వైపు ఎముక వెనుక నుంచి వెళ్లే ఉల్నార్ నరం వాటిలో ముఖ్యమైనది. మచ్చలు లేకుండా నరాలకే పరిమితమయ్యే కుష్ఠు కూడా ఉంది. మచ్చలను మాత్రమే వెతికితే అలాంటివారు లెక్కలోకి రారు.

చేతి పరీక్షకు ఖరీదైన యంత్రాలు అక్కర్లేదు. మొదట చూడాలి: బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ తగ్గిందా, చిటికెన వేలు, ఉంగరపు వేలు ముడుచుకున్నాయా, ఎప్పుడు కాలాయో తెలియని మచ్చలున్నాయా? తర్వాత రెండు మోచేతుల దగ్గరా నరాన్ని మెల్లగా తడిమి, ఒకవైపు లావెక్కిందా, నొప్పిగా ఉందా అని పోల్చాలి. ఆపై బలం: చిటికెన వేలిని పక్కకు చాపమంటే ఉల్నార్, బొటనవేలిని పైకి లేపమంటే మీడియన్, మణికట్టును వెనక్కి ఎత్తమంటే రేడియల్ నరం సంగతి తెలుస్తుంది. చివరగా స్పర్శ: కళ్లు మూయించి, బాల్‌పెన్ను మొనతో అరచేతిని సున్నితంగా తాకి, తాకిన చోటును రెండో చేతి వేలితో చూపించమనాలి.

ఈ చివరి మెట్టు బస్తర్‌కు బాగా నప్పుతుంది. గోండీ, హల్బీ, దోర్లీ వినిపించే చోట "తిమ్మిరి" అన్న మాటకు సరైన అనువాదం వెతుక్కోవడం కష్టం. వేలితో చూపించడానికి అనువాదం అక్కర్లేదు. ముందు ఒకసారి కళ్లు తెరిచి ఉండగా చేసి చూపిస్తే చాలు.

ఒక జాగ్రత్త అవసరం. సుత్తితో కొట్టి చూసే రిఫ్లెక్సులు కుష్ఠులో సాధారణంగా మామూలుగానే ఉంటాయి. కాబట్టి అవి బాగున్నాయని రోగిని పంపేయకూడదు. మధుమేహం వల్లా, మెడ దగ్గర నరం నొక్కుకుపోయినా తిమ్మిరి రావచ్చు. అందుకే పల్లెలో చేసే పరీక్ష రోగ నిర్ధారణ కాదు. ఎవరిని డాక్టరు దగ్గరికి పంపాలో తేల్చే జల్లెడ మాత్రమే.

తొందర ఎందుకంటే, బహుళ ఔషధ చికిత్స ఉచితమే, అది బ్యాక్టీరియాను చంపుతుంది. కానీ చచ్చుబడ్డ నరాన్ని తిరిగి బతికించలేదు. నరం దెబ్బతిన్న ఆరు నెలల లోపు డాక్టరు పర్యవేక్షణలో స్టెరాయిడ్లు ఇస్తే కోలుకునే అవకాశం ఎక్కువ. వేళ్లు "కుళ్లిపోయి" రాలతాయన్నది అపోహ. స్పర్శ లేని చేతికి తగిలిన కాలిన గాయాలూ కోతలూ పట్టించుకోకపోవడం వల్లే వేళ్లు పోతాయని వెల్లూరులో పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ దశాబ్దాల క్రితమే చూపించారు.

మితానిన్‌ల మీద ఇప్పటికే పని భారం ఎక్కువన్న అభ్యంతరం న్యాయమైనదే. అయితే ప్రతి ఇంట్లో ప్రతి ఒక్కరికీ ఈ పరీక్ష చేయాలని కాదు. చేతిలో తిమ్మిరి, బలహీనత, మానని పుండు ఉన్నవారికీ, కుష్ఠు రోగుల కుటుంబ సభ్యులకూ చేస్తే చాలు. అదనపు పనికి అదనపు పారితోషికం, పంపిన రోగిని చూసే డాక్టరు ఉండాలి. ఆ రెండూ ప్రభుత్వ బాధ్యతలు.

ఈ విషయం తెలుగు నేలకూ సంబంధించినదే. ఏటా మిర్చి కోతల కాలంలో సుక్మా, బీజాపూర్ జిల్లాల నుంచి కూలీలు భద్రాద్రి, ములుగు ప్రాంతాల చేలకు వస్తారు. మిర్చి కోసిన చెయ్యి మండాలి. తోటివారందరికీ మండుతుంటే ఒకరికి మాత్రం ఏమీ తెలియకపోతే, అలవాటైపోయిందని వదిలేయకుండా ఆ చేతిని పరీక్షించాలి. కూలీలు చేలలో ఉండే ఆ కొన్ని వారాల్లో తెలంగాణ ఆరోగ్య సిబ్బంది ఈ పరీక్ష చేసి, ఫలితాన్ని ఒక కార్డు మీద రాసి రోగికే ఇవ్వాలి. సరిహద్దు అవతల మందు ఆగకుండా అందాలంటే ఆ కార్డు రెండు రాష్ట్రాల్లోనూ చెల్లాలి.