ముందు చేతి నరం కాపాడండి

డయాలసిస్ అనగానే మన ప్రభుత్వాలు యంత్రాలు లెక్కపెడతాయి. రోగి ఒంట్లోంచి రక్తం యంత్రంలోకి వెళ్లి తిరిగి వచ్చే దారి గురించి అడిగేవారు తక్కువ. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు ప్రాణం నిలిచేది ఆ దారి మీదే. అరకు, పాడేరు మన్యంలో దాన్ని కాపాడే పనిని ఒక బృందానికి అప్పగించాల్సిందే.

ఆ దారుల్లో మేలైనది ఫిస్టులా. ముంజేతిలో ధమనికి సిరను కలిపి కుడితే, సిర లావెక్కి పదేపదే సూదిపోట్లకు తట్టుకుంటుంది. 1966లో న్యూయార్క్ వైద్యులు బ్రెస్షియా, చిమినో బృందం వెల్లడించిన ఈ పద్ధతే ఎక్కువమందికి నేటికీ మొదటి ఎంపిక. కానీ అది సిద్ధం కావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. కాళ్లు పొంగి, ఆయాసపడుతూ, డోలీలో రోడ్డుకు చేరి, ఘాట్ దిగి విశాఖ కేజీహెచ్‌కు వచ్చిన మనిషికి అంత గడువెక్కడిది? మెడలో గొట్టం వేస్తారు. అప్పటికి ప్రాణం దక్కుతుంది. నెలల తరబడి అలాగే వదిలేస్తే దాని గుండానే ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకుతుంది. చలిజ్వరం వస్తే ముందుగా మలేరియానే తలచుకునే ఏజెన్సీలో ఈ ముప్పు ఇంకా పెద్దది.

ఫిస్టులాను సిద్ధం చేసి కాపాడటం సర్జన్ ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. మూత్రపిండాలు దెబ్బతింటున్నాయని తేలిన రోజు నుంచే, కుడిచేతి వాటం రోగి ఎడమ ముంజేతిని పీహెచ్‌సీ నర్సు సెలైన్‌కూ రక్తపరీక్షకూ ముట్టకూడదు. ఫిస్టులా వేశాక టెక్నీషియన్ ప్రతిసారీ తాకి, లోపలి అదురు చూడాలి. అది ఆగితే వెంటనే సర్జన్‌కు కబురందాలి. ఆ చేత్తో బరువులెత్తొద్దని కువిలోనో ఆదివాసీ ఒడియాలోనో చెప్పగలిగేది ఊరి ఆశా కార్యకర్తే. కట్టెలు మోసి బతికే మహిళకు ఆ మాట చెప్పినంత తేలిక కాదు పాటించడం. కనుక ఇంటివారినీ కూర్చోబెట్టి చెప్పాలి. వీరందరినీ కలిపి నడిపే సమన్వయకర్త ఒకరుండాలి.

ఉద్దానం కిడ్నీ రోగుల గోడు విన్నాక పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు. మన్యంలో అంతమంది రోగులు లేరని అధికారులు అనవచ్చు. తక్కువమందే అయితే ఒక్కొక్కరినీ పేరుపేరునా చూసుకోవడం మరీ సులువు కదా! పాడేరులో వైద్య కళాశాల ఉంది. విశాఖ నుంచి సర్జన్, డాప్లర్ స్కాన్ తెలిసిన వైద్యుడు నెలకు రెండు రోజులు అక్కడికి రావాలి. రోగులంతా కొండ దిగే కన్నా ఇద్దరు వైద్యులు కొండెక్కడం చౌక.

మెడ గొట్టంతో మూడు నెలలు దాటినవారెందరు? యంత్రాల లెక్క పక్కనే ఆ అంకె కూడా ప్రతి నెలా కలెక్టర్ బల్ల మీదికి రావాలి.