ఇంటి కూటంలో ప్రశ్నకు చోటివ్వండి

ఆదివారం ఆరాధనలో మాట్లాడేది ఒక్కరు, వినేది అందరూ. వారం మధ్యలో ఎవరో ఒకరి ఇంట్లో జరిగే కూటం అలా ఉండనక్కర్లేదు. కానీ తెలుగు సంఘాల్లో చాలాచోట్ల అక్కడా అదే తంతు: చాపలు పరుస్తారు, రెండు కీర్తనలు పాడతారు, ఒకరు గంటసేపు వాక్యం చెబుతారు, ప్రార్థన, టీ, ఇక ఇళ్లకు.

ఈ పద్ధతి మారాలి.

1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో ప్రార్థనామందిరం అప్పు తీర్చడానికి మెథడిస్టు బోధకుడు జాన్ వెస్లీ అనుచరులు పన్నెండేసి మంది చొప్పున జట్లయ్యారు. వారానికి తలా ఒక పెన్నీ వసూలు చేయడమే మొదటి ఉద్దేశం. డబ్బు కోసం ఇల్లిల్లూ తిరిగిన నాయకులకు ఆ ఇళ్ల కష్టసుఖాలు తెలిశాయి. క్రమంగా ఆ జట్లే ఒకరి బాగోగులు ఒకరు అడిగే ‘క్లాస్ మీటింగు’లయ్యాయి. ఆ వెస్లీ బాట మన తెలుగు నేలకూ చేరింది: 1924లో ప్రతిష్ఠించిన మెదక్ చర్చిని కట్టించింది వెస్లియన్ మిషనే.

మన కూటాల్లోనూ అలా అడగవచ్చు. లూకా సువార్త పదో అధ్యాయంలోని మంచి సమరయుడి కథనే తీసుకోండి. పొరుగువాడు ఎవరని అడిగిన ధర్మశాస్త్రోపదేశకుడికి యేసు కథ చెప్పి, తిరిగి ప్రశ్నే వేశాడు. ఆ భాగం చదివాక, మన ఊళ్లో దారిపక్కన పడి ఉన్నదెవరని కూటంలో అడిగితే? కులం, అప్పులు, తాగుడు అన్నీ మాటల్లోకొస్తాయి. కూలికెళ్లొచ్చి వెనక కూర్చున్న అక్క చెప్పే జవాబు ఏ ప్రసంగంలోనూ దొరకదు.

చదువు రానివారికి పక్కవారు చదివి వినిపించాలి. అక్కడ చెప్పుకున్న ఇంటి గుట్టు గడప దాటకూడదు. పాస్టర్లు ఈ వారం నుంచే కూటంలో సగం సమయం సంఘస్తులకు వదిలిపెట్టాలి.