నాలుగో ద్వారం మీది మాట

సెయింట్ పీటర్స్‌బర్గ్ నేను చూడలేదు. అక్కడ నేవా నది ఒడ్డున ఉన్న కళల అకాడమీ భవనం ప్లాను మాత్రం ఓ పాత సోవియట్ పుస్తకంలో చూసి చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను. నలుపలకల భారీ కట్టడం. దాని నడిమధ్యన, వృత్తలేఖినితో గీసినంత గుండ్రంగా ఓ ప్రాంగణం. అందులోని నాలుగు ద్వారాల మీద నాలుగు మాటలు: చిత్రలేఖనం, శిల్పం, వాస్తు, పెంపకం.

మొదటి మూడూ కళలే. మరి నాలుగోది? 1764లో అకాడమీకి అనుబంధంగా పెట్టిన బడిలో అయిదారేళ్ల పసివాళ్లను చేర్చుకొనేవారు. కళాకారుణ్ణి మొలకగా ఉన్నప్పుడే తెచ్చి పెంచాలని రాణి కాథరిన్ కాలపు పెద్దల ఊహ. భవనం పనీ ఆ ఏడే మొదలై 1788 దాకా సాగింది. ప్లాను గీసిన ఇద్దరిలో ఒకడు ఫ్రెంచివాడు వాలెన్ ద లా మోత్. రెండోవాడు కొకోరినోవ్ అది పూర్తికాకుండానే 1772లో పోయాడు.

పెంచినవాడికి పెత్తనం కూడా వస్తుంది కదా! 1863లో పెద్ద బంగారు పతకం పోటీకి స్కాండినేవియా పురాణంలోని వల్‌హల్లా విందును బొమ్మ వెయ్యమన్నారు. మా విషయం మేమే ఎంచుకుంటాం అన్నారు పద్నాలుగు మంది విద్యార్థులు, క్రామ్‌స్కోయ్ ముందు నిలవగా. కౌన్సిలు ససేమిరా అంది. పతకాన్నీ, దాంతో వచ్చే సర్కారు ఖర్చు విదేశయాత్రనీ వదులుకొని వాళ్లు బయటికి నడిచారు. కలిసి ఓ సహకార సంఘం పెట్టుకున్నారు. 1870లో ఏర్పడ్డ సంచార చిత్రప్రదర్శనల సంఘానికి దారి వేసింది ఆ నడకే.

ఇంతటితో ఆపి భవనాన్ని తిట్టేసి ఊరుకోవడం తేలిక. నేనొప్పుకోను. ఉక్రెయిన్ కవి షెవ్‌చెంకో భూస్వామి సొత్తుగా పుట్టినవాడు. 1838లో, అకాడమీ ఆచార్యుడు బ్ర్యులోవ్ వేసిన ఓ చిత్రాన్ని లాటరీకి పెట్టి, 2,500 రూబుళ్లు కట్టి అతణ్ణి విడిపించారు. తర్వాత చదివిందిక్కడే. 1861లో కన్నుమూసిందీ ఈ భవనంలోని గదిలోనే. అదీ పెంపకమే మరి. ఆ మాట చెరిపెయ్యమని నేననను. దాని కింద నిలబడ్డ కుర్రవాడు నోరు విప్పితే వినమంటాను, అంతే.

అకాడమీ వినడానికి ముప్పయ్యేళ్లు పట్టింది. సంచార చిత్రకారుల్లో ఒకడైన రేపిన్ 1894లో అక్కడే ఆచార్యుడయ్యాడు. 1944లో ఆ విద్యాలయానికి ఆయన పేరే పెట్టారు. క్రామ్‌స్కోయ్ మాత్రం ఇదేదీ చూడలేదు, 1887లోనే పోయాడు.