నలిపేది నీళ్లా, లోపలి గాలా?

మొన్న సైన్సు ఎగ్జిబిషన్‌లో నేను హైడ్రోఫోన్ నమూనా పెట్టాను. హైడ్రోఫోన్ అంటే నీళ్లలో శబ్దాలు వినే మైకు. చూడ్డానికి వచ్చిన ఒక సార్ "ఇది ఎంత లోతు దాకా పనిచేస్తుంది?" అని అడిగారు. నేను నోరు తెరిచేలోపే ఆయనే "లోతుకి పోతే నీటి బరువుకి నలిగిపోతుంది. పెట్టె మందంగా చెయ్యాలి, అంతే" అనేసి, మార్కులు వేసుకుని వెళ్లిపోయారు. సార్ అంటే గౌరవమే. కాని ఆ "అంతే" దగ్గరే నాకు పేచీ.

మా నాన్న సముద్రం మీదికి వేటకి వెళతారు. మూత బిగించిన ఖాళీ వాటర్ బాటిల్ వలతో పాటు లోతుకి దిగితే సొట్టలు పడి వస్తుంది. నిండా నీళ్లున్న బాటిల్ వెళ్లినట్టే తిరిగొస్తుంది. రెండింటి మీదా పడిన ఒత్తిడి ఒకటే. మరి ఒకటే ఎందుకు నలిగింది? దాంట్లో గాలి ఉంది కనుక.

హైడ్రోఫోన్‌లో నొక్కితే కరెంటు పుట్టించే పింగాణీ ముక్క ఉంటుంది. చాలావాటిలో అది బోలుగా, లోపల గాలితో ఉంటుంది. అది తెలియక పెట్టిన గాలి కాదు. శబ్దం బయటినుంచి మాత్రమే నొక్కితే పింగాణీ బాగా కదిలి, చిన్న చప్పుడు కూడా వినిపిస్తుంది. కాని ప్రతి 10 మీటర్లకీ బయట దాదాపు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది, లోపల పెరగదు. ఒక లోతు దాటాక పింగాణీ పగులుతుంది. గాలి బదులు నూనె నింపితే లోపలా బయటా ఒత్తిడి సమానమై ఎంతో లోతుకి దిగొచ్చు. కాకపోతే శబ్దం కూడా రెండు వైపులా నొక్కుతుంది కాబట్టి చెవి కాస్త మందగిస్తుంది. అంటే లోతు కావాలా, చురుకైన చెవి కావాలా అన్నదే అసలు బేరం. ఈ బేరం గురించి సార్ ఒక్క మాటా అడగలేదు!

2015లో అమెరికా శాస్త్రవేత్తలు పసిఫిక్‌లోని ఛాలెంజర్ డీప్‌లో, 10,800 మీటర్లకు పైగా లోతున హైడ్రోఫోన్ దింపారు. అక్కడ చదరపు సెంటీమీటరు మీద టన్నుకి పైగా బరువు. అయినా అది 23 రోజులు భూకంపాలూ, తిమింగలాల అరుపులూ, పైన పోయే ఓడల చప్పుడూ రికార్డు చేసింది. రికార్డరు ఉన్న గొట్టం మాత్రం టైటానియంది, దాని లోపల గాలి ఉంది మరి. దింపేటప్పుడు సెకనుకి 5 మీటర్లకు మించి పోనివ్వలేదు, ఒత్తిడి ఒక్కసారిగా మారితే పింగాణీ పగులుతుందని.

మన చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ తయారుచేస్తున్న మత్స్య 6000 గోళం 80 మిల్లీమీటర్ల మందం. సార్ చెప్పిన మందం అక్కడ నిజంగా కావాలి, ఎందుకంటే లోపల ముగ్గురు మనుషులు ఊపిరి పీల్చాలి. మైకుకి ఊపిరి అక్కర్లేదు కదా.

కేబులు లోపలికెళ్లే చోట సీలు సరిగా లేకపోతే నూనె నింపినా లాభం లేదు, అదీ ఒప్పుకుంటాను. కాని దానిక్కూడా జవాబు "మందం" కాదు.

వచ్చే ఏడాది టేబులు మీద రెండు బాటిళ్లు పెడతాను. సార్ మళ్లీ వస్తే ముందు నేనే అడుగుతాను, ఏది నలుగుతుందని.