దాదా ఆవాజ్, ఒక చౌక డబ్బా

మా దాదా గొంతు మా ఇంట్లో ఒకే ఒక్క రికార్డింగులో మిగిలింది. అదీ పగిలిపోయింది.

కసుమూరు గంధానికి వెళ్లొచ్చిన రాత్రి ఇంట్లోనే చిన్న మహ్‌ఫిల్ పెట్టుకున్నాం. దాదా నాత్ మెల్లగా ఎత్తుకున్నారు. ఆ మెల్లటి ఆవాజ్‌కు సరిపోయేలా గెయిన్ పెట్టి నేను లేచాను. పైస్థాయికి ఆయన గొంతు చేరేసరికి మీటరు ఎర్రబడింది. ఆ వఖ్త్‌లో నేను మెహమాన్లకు చాయ్ అందిస్తున్నాను. డిజిటల్‌లో సున్నా దాటిన ఆవాజ్‌కు తల తెగిపోతుంది. తర్వాత ఏ సాఫ్ట్‌వేర్ పెట్టినా అస్లీ రూపం పూర్తిగా రాదు.

అందుకే అంటున్నాను, ఇంట్లో పాడే షౌఖ్ ఉన్న పిల్లలుంటే ఒక మామూలు హార్డ్‌వేర్ కంప్రెసర్ కొనివ్వండి. పంక్చర్ షాపులో గాలి కొట్టేది కాదు లెండి! ఇది మనం పెట్టిన హద్దు దాటిన ఆవాజ్‌ను అదుపు చేస్తుంది. రేషియో 2:1 అంటే, హద్దు పైకి 6 డెసిబెల్స్ లేచిన గొంతు 3 మాత్రమే లేచినట్టు బయటికొస్తుంది. ఎల్ఏ-2ఏ, 1176 లాంటి 1960ల నాటి నవాబులు మన జేబుకు అందవు. డీబీఎక్స్ 266ఎక్స్‌ఎస్ లాంటి రెండు చానళ్ల డబ్బా వేలల్లోనే వస్తుంది. డాఫ్ట్ పంక్ 1997 ‘హోంవర్క్’ ఆల్బమ్‌కు వాడింది కూడా అలెసిస్ 3630 అనే చౌక డబ్బానే.

"24 బిట్‌లో గెయిన్ తగ్గించుకుంటే చాలదా భాయ్?" అంటారు. సహీ మాటే, ముందు అదే చేయండి. కానీ కంప్యూటర్ ఆలస్యం లేకుండా, సర్దిన ఆవాజ్ హెడ్‌ఫోన్లో వినిపిస్తే పాడేవాళ్లు గొంతు చించుకోరు. ఆ ఫైదా తర్వాత వేసే ప్లగిన్‌లో లేదు.

అయితే మైకును నేరుగా దీనికి గుచ్చకండి. మిక్సర్ ఇన్‌సర్ట్‌లో పెట్టాలి. గేట్ ఆపేయండి, లేకపోతే ఆలాప్‌కు ముందు తీసుకునే ఊపిరి కూడా తెగిపోతుంది. ఢోలక్‌కూ గొంతుకూ ఒకే మైకు పెడితే ఢోలక్ మోగినప్పుడల్లా గొంతు కుంగుతుంది. మైపాడు వైపు ఉప్పుగాలికి నాబ్‌లు గరగరమంటాయి, గుడ్డ కప్పి ఉంచండి.

అన్నిటికన్నా పెద్ద నుక్సాన్ మన బేసబ్రీతో వస్తుంది. 10:1 తిప్పి, ఖవ్వాలీని మొదటి నుంచి చివరిదాకా ఒకే ఎత్తున నిలబెట్టేస్తారు. పార్టీ అంతా ఒక్కసారిగా లేచే ఆ కైఫియత్ మాయం, గదిలో ఫ్యాను మోత మాత్రం హాజిర్! నాకైతే గొంతు బాగా లేచినప్పుడు సూది 3, 4 డెసిబెల్స్ కదిలితే చాలు. ఒకసారి నొక్కి రికార్డు చేశాక వెనక్కి తీసుకోలేం కాబట్టి, అదే గొంతును రెండో ట్రాక్‌లో కంప్రెసర్ లేకుండా, తక్కువ గెయిన్‌లో ఉంచుతాను.

ఈ ఇత్వార్ దాదీ పాడే లోరీ రికార్డు చేస్తున్నాను. రేషియో 2:1. చాయ్ ఇంకెవరైనా అందిస్తారు.